బొమ్మలో లేని ఇల్లు

ఓబులేసు ఇంటి ముందు సగాన్ని కూల్చింది వాన కాదు, వరద కాదు. కాగితం మీద అచ్చేసిన ఒక బొమ్మ. ఇందులో అనుమానానికి తావు లేదు. చిలకబండలో ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. ఒక్క ఓబులేసును మాత్రం అడగకూడదు.

దొరల కాలంలో ఒక రైలు కంపెనీ జనాన్ని రైలెక్కించడానికి రంగుల పోస్టర్లు వేయించింది. టిక్కెట్లు అమ్ముకోవాలన్నది కంపెనీ ఆశ. బొమ్మ బాగా రావాలన్నది ఎవరో చిత్రకారుడి పట్టుదల. ఆ పోస్టర్లు కొన్నాళ్ళు స్టేషన్ల గోడల మీద వేలాడాయి. తర్వాత ట్రంకుపెట్టెల అడుగున పరుచుకోవడానికి పనికొచ్చాయి. చివరికి చెదలకు మేతయ్యాయి. అంతటితో వాటి కథ ముగియాల్సింది.

ముగియలేదు. పట్నంలో ఉన్నట్టుండి పాత యాత్రా పోస్టర్ల పిచ్చి పుట్టింది. రైలు మొహం చూడనివాళ్ళు కూడా ముందుగదిలో రైలు పోస్టరు తగిలించుకున్నారు. చినిగింది ఉంటే గొప్ప. చెదలు కొట్టింది ఉంటే ఇంకా గొప్ప. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్లను చూడకముందు గోడను చూసి, "ఇది అసలుదేనా అండీ?" అని అడిగేవారట. ఆ వేడిలో సర్కారు 'పోస్టరు వారసత్వ పరిరక్షణ సంస్థ' అని ఒకటి పెట్టింది. సంస్థ పుట్టాక దానికి ఒక పోస్టరు కావాలి. వెతగ్గా వెతగ్గా ఒక పాత బంగళా అటక మీద చిలకబండ పోస్టరు దొరికింది.

బొమ్మ బాగానే ఉంటుంది. నీలం కొండ. నారింజ రంగు ఆకాశం. ఎడమ కొసన కొండ మీంచి దూకే జలపాతం, దాని పాదాల దగ్గర ఖాళీ ఇసుకలో ఒంటికాలి మీద ఒక కొంగ. కుడి కొసన ఒక పూరిగుడిసె. నడుమ కడవ పట్టుకున్న ఆడమనిషి. కింద పెద్ద అక్షరాలతో: 'చిలకబండకు రండి! కన్నులారా చూడండి!'

చిక్కు అక్కడే వచ్చింది. పోస్టరు కళా, ప్రకటనా? కళ అయితే పరిరక్షణ సంస్థది. ప్రకటన అయితే 'ప్రకటనల యథార్థతా విభాగా'నిది. జనాన్ని మోసం చేసే ప్రకటనలను పట్టుకోవడం ఆ విభాగం పని. పోస్టరు మాదంటే మాదని ఇద్దరూ తగువులాడుకున్నారు. ఒక సంఘం వేశారు. ఆ సంఘం చాలా టీలు తాగి ఇట్లా తీర్మానించింది:

'సదరు పోస్టరు ఏకకాలమందు కళాఖండమును, వ్యాపార ప్రకటనయు అయియున్నది. కళాఖండము గనుక అందు ఒక్క గీతయైనను మార్చరాదు. ప్రకటన గనుక అందున్నదంతయు నిజమై యుండవలెను. కావున, పోస్టరును మార్చుటకు వీలులేనందున, ఊరిని మార్చవలెను.'

తీర్మానంలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ కనపడలేదు.

*

పరిరక్షణ సంస్థ డైరెక్టరు పరాంకుశం. నూలు లాల్చీ, భుజాన గుడ్డసంచి, దేన్ని చూసినా తల ఒక పక్కకు వాల్చి చూసే అలవాటు. యథార్థతా విభాగం తరఫున హేమనళిని. ఆమె చేతిలో పోస్టరు నకలు దించిన గాజులాంటి పలచటి రేకు ఒకటి ఎప్పుడూ ఉండేది. ఒక కన్ను మూసి, ఆ రేకును ఊరి మీదికి పెట్టి చూసేది. రేకులో ఉండి ఊళ్ళో లేనిది లోపం. ఊళ్ళో ఉండి రేకులో లేనిది నేరం.

బడి ముందర సభ పెట్టారు. పోస్టరును కర్రలకు కట్టి నిలబెట్టారు. ఊరంతా వచ్చింది. ఓబులేసు కూడా వచ్చి, అందరికీ వెనక, ఎవరూ పలకరించనంత దూరంలో నిలబడ్డాడు. భార్య సుంకమ్మ పోయినప్పటి నుంచి ఆయన మనుషుల్ని ఆ దూరంలోనే ఉంచాడు. ఓదార్చడానికి వచ్చి కాఫీ చల్లగా ఉందన్న బావమరిదిని ఇప్పటికీ క్షమించలేదు.

సెలూన్ నడిపే మద్దిలేటి ముందుగా లేచాడు.

"సార్, మా వంక నీళ్ళు దూకేది కుడిపక్క. మీ బొమ్మలో ఎడంపక్క ఉండాది."

"అది ప్రస్తుత స్థితి. మనం మాట్లాడుకుంటున్నది మూలస్థితి గురించి" అన్నాడు పరాంకుశం.

"అంటే ముందు ఎడంపక్క దూకి, మళ్ళీ ఇట్లా వచ్చిందంటావా సార్?"

"సంరక్షణ కొరవడితే ఏ జలపాతమైనా స్థానభ్రంశం చెందుతుంది."

"యాడన్నా విన్నామా అప్పా" అని జనం నవ్వారు. పరాంకుశం ఆ నవ్వును స్థానిక సంస్కృతి కింద తీసుకుని తల వాల్చి ఆనందించాడు.

ఈసారి ఈరమ్మ లేచింది. ఓబులేసు ఇంటి పక్కిల్లు ఆమెది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"మేడమ్, ఆ యమ్మ పైట చూడండి. కుడి బుజం మీద ఏసుకునింది. కడవ చూస్తే కుడి సంకలో. ఏ ఊరి ఆడది మేడమ్ ఇట్లా ఉండేది? తాగి గీసినాడేమో."

"అదే దీని విశిష్టత" అంది హేమనళిని. "చిలకబండ స్త్రీల కుడిపైట సంప్రదాయం అంతరించిపోయింది. దాన్ని పునరుద్ధరించడం మన బాధ్యత. దీనిమీద ఇప్పటికే ఒక పరిశోధన జరుగుతోంది."

"మా అవ్వ ఎడంపక్కే ఏసుకునేది."

"అప్పటికే అంతరించిపోయి ఉంటుంది."

వెనకనుంచి ఓబులేసు గొంతు వినపడింది. "వంక జరిగిందంట. పైట జరిగిందంట. కొండ ఎగిరిపోలేదు, అదే సంతోషం." అని ఇంటికి వెళ్ళిపోయాడు.

*

పనులు జోరుగా సాగాయి. వానాకాలంలో నాలుగు చినుకులు పడితే కుడి కొసన వంక దూకుతుంది. పోస్టరులో లేదు కాబట్టి దానికి ఇసుక మూటలు అడ్డం వేశారు. ఎడమ కొసన కొండ మీద పెద్ద తొట్టి కట్టి, అందులోకి నీళ్ళు ఎక్కించి, అక్కడినుంచి దూకించారు. నీళ్ళు ఎక్కడివంటే, ఊరికి తాగడానికి వచ్చే ట్యాంకర్లవి. అవి ఊరికి రావడం మాని కొండెక్కడం మొదలుపెట్టాయి. ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని కొత్త జలపాతం కిందికి పరుగెత్తారు. కాపలావాళ్ళు రేకు చూపించి వెనక్కి పంపారు. ప్లాస్టిక్ బిందె బొమ్మలో లేదు.

కొండకు నీలం రంగు కొట్టారు. కొండమీది కోతులు కూడా నీలంగా మారి ఊళ్ళోకి వచ్చి కూచున్నాయి. పోస్టరులో కోతులు లేవు కాబట్టి వాటిని కొండకు తరిమారు. నీలం కొండ మీద నీలం కోతి కనపడదు కాబట్టి ఆ సమస్య పరిష్కారమైనట్టు ప్రకటించారు. ఆకాశం నారింజ రంగులో ఉండేది సాయంత్రం కాసేపే. కాబట్టి చిలకబండ సాయంత్రం కాసేపు మాత్రమే చిలకబండగా చెల్లుతుందనీ, మిగతా పొద్దంతా అది 'నిర్వహణలో ఉన్న స్థలం' అనీ ఉత్తర్వు వచ్చింది. పొద్దున పుట్టిన బిడ్డ ఊరి పేరు ఏం రాయాలో తెలియక పంచాయతీ ఆఫీసువాళ్ళు తలలు పట్టుకున్నారు.

కుడి కొసన ఒక గుడిసె కొత్తగా వేశారు. అందులో ఎవరూ ఉండరాదు. గుమ్మంలో మనిషి ఉన్నట్టు బొమ్మలో లేదు.

కడవ ఆడమనిషికి 'జలకలశధారిణి' అని ఒక ఉద్యోగం సృష్టించి ఈరమ్మకు ఇచ్చారు. సాయంత్రాలు కుడి భుజాన పైట, కుడి చంకలో కడవ పెట్టుకుని, జలపాతం వైపు చూస్తూ నిలబడాలి. కడవలో నీళ్ళు పట్టరాదు. పడితే బొమ్మలో కంటే నడుము ఎక్కువ వంగుతోందని హేమనళిని రేకు పెట్టి చూసి తేల్చింది.

"ఎట్లుంది నీ ఉద్యోగం?" అని మద్దిలేటి అడిగాడు.

"ఏం చెప్పేది! కడవ పట్టుకొని నీళ్ళను చూస్తా నిలబడేది, ఇంటికి పోతే గొంతు తడుపుకొనేదానికి నీళ్ళు లేవు. పైట జారకుండా పిన్నీసులు పెట్టుకుంటే చాలు, దినం గడిచిపోతాది."

*

ఓబులేసు ఇల్లు కొండకు ఎడమ కొస కింద ఉంది. ఒక ఉదయం పరాంకుశం, హేమనళిని ఆయన వాకిట్లోకి వచ్చి రేకు పైకెత్తారు. చాలాసేపు దించలేదు.

"పెద్దాయనా, మీ ఇల్లు పోస్టరానంతర నిర్మాణం" అంది హేమనళిని.

"ఏమంటివి?"

"పోస్టరు వేసిన తర్వాత కట్టినది అని."

"దీనికి ముందర ఇదే తావులో మా ఆడమనిషి తాత గుడిసె ఉండె. నేను ఇల్లరికం వచ్చి, ఆ గుడిసె పీకి, ఇల్లు కట్టినా."

"గుడిసె పోస్టరులో ఉంది, కాదనను. కానీ అది కుడిపక్క ఉంది. మీరున్న చోట కొంగ ఉంది."

"ఎవురు?"

"కొంగ."

ఓబులేసు తన ఇంటివైపు తిరిగి చూశాడు. మళ్ళీ వాళ్ళవైపు చూశాడు. "కొంగకు నా ఇల్లెందుకు?"

"కొంగకు ఇల్లు అక్కర్లేదండీ, ఖాళీ కావాలి" అన్నాడు పరాంకుశం. "ఆ ఖాళీలోనే చిత్రమంతా ఊపిరి పీల్చుకుంటోంది."

"అది పీల్చుకునేదానికి నేను యాడికి పోవాల?"

"అక్కడే మీ అదృష్టం" అంది హేమనళిని. ముగ్గుపిండితో నేలమీద ఒక గీత గీయించింది. పోస్టరు అంచు సరిగ్గా ఆ ఇంటి మధ్యగా పోతోంది. ముందుగది, వసారా, అరుగు గీతకు లోపల. వంటిల్లు బయట. "వంటిల్లు చట్రానికి అవతల ఉంది. దానిమీద మాకు ఎటువంటి అధికారమూ లేదు. మీరు నిశ్చింతగా వండుకోవచ్చు."

ఓబులేసు వీధిబడిలో నేర్చిన నాలుగు అక్షరాలతో బతికాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. పెళ్ళినాడు మామను గడియారం అడగలేదు, పంట పోయిననాడు ఎవరినీ చేబదులు అడగలేదు. సుంకమ్మకు జబ్బు చేసినప్పుడు దేవుణ్ణి కూడా అడగలేదు, అడిగితే లెక్కచేసే రకం కాదనే అనుమానంతో. ఆ మనిషి ఆ రోజు గొంతు తగ్గించి అడిగాడు.

"ఇల్లు తీసుకోండి. అరుగు ఇడిచిపెట్టండి."

ఆ అరుగు సుంకమ్మది. శుక్రవారం శుక్రవారం తనే అలికేది. బతికినన్నాళ్ళూ పొద్దున లేచి అక్కడే కూచుని, చాటలో చెనిక్కాయలు పోసుకుని ఒలుస్తూ, దారినపోయేవాళ్ళను ఒక్కొక్కరినీ పేరుపెట్టి తిట్టేది. తిట్టు తినకుండా దాటిపోయినవాళ్ళు ఆ రోజు ఏదో వెలితిగా ఉందని రెండోసారి అటు నడిచేవాళ్ళు. ఆమె పోయాక ఆమె కూచునే చోట ఇంకెవరూ కూచోలేదు. ఓబులేసు కూచోనివ్వలేదు. ఆయన కూడా అరుగు కిందే, నేలమీద కూచునేవాడు. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు. పిల్లలు కూడా ఆ అరుగెక్కి ఆడుకునేవాళ్ళు కాదు.

పరాంకుశం తల వాల్చి అరుగును చూశాడు. నిజంగానే బాధపడ్డాడు.

"చూడండి, అరుగు అడ్డగీత. కొంగ నిలువుగీత. రెండూ ఒకచోట ఉంటే కన్ను తికమక పడుతుంది. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ చిత్రం బాధ కూడా చూడాలి కదా."

"చిత్రానికి బాధ ఉంటాదా?"

"మనిషికంటే ఎక్కువ. అది చెప్పుకోలేదు."

మర్నాడు యంత్రం వచ్చింది. వంటింట్లో పొయ్యి ముందు కూచుని ఓబులేసు తన ఇల్లు పడిపోవడం విన్నాడు. చూడలేదు. సాయంత్రానికి వంటింటి తలుపు తెరిస్తే ఎదురుగా ఇసుక. కొంగ మాత్రం రాలేదు. చిలకబండలో చేపలుంటే కదా కొంగ వచ్చేది. సిమెంటు కొంగను పెడదామని పరాంకుశం అన్నాడు. సిమెంటు కొంగ అబద్ధం కాబట్టి హేమనళిని ఒప్పుకోలేదు. 'కొంగ రాక ఎదురుచూడబడుచున్నది' అని ఒక చెక్కబోర్డు పాతారు. చెక్కబోర్డు బొమ్మలో లేదు కాబట్టి మళ్ళీ పీకేశారు.

*

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పట్నం నుంచి యాత్రికులు బస్సుల్లో దిగారు. అప్పుడు పరాంకుశం కెవ్వున అరిచాడు.

"వీళ్ళెవరు?"

"యాత్రికులు" అంది హేమనళిని.

"పోస్టరులో యాత్రికులెక్కడున్నారు? ఒక్క స్త్రీ, ఒక్క కొంగ. వీళ్ళు లోపలికి అడుగుపెడితే కళాఖండం ధ్వంసమవుతుంది."

"కానీ 'రండి' అని రాసుంది. రానివ్వకపోతే ప్రకటన అబద్ధమవుతుంది."

ఇద్దరూ ఒక చెట్టు కింద నిలబడి చర్చించుకున్నారు. చివరకు మధ్యేమార్గం దొరికింది. 'రండి' అన్నారు కాబట్టి యాత్రికులు రావచ్చు. పోస్టరులో లేరు కాబట్టి లోపలికి పోరాదు. గేటు దగ్గర షెడ్డు వేసి అందులో పోస్టరు తగిలించారు. 'కన్నులారా చూడండి' అన్నది అక్కడ నెరవేరుతుంది. లోపల ఉన్న ఊరు పోస్టరుకు సరిగ్గా సరిపోయిందని హామీపత్రం పక్కనే ఉంటుంది.

యాత్రికులు పోస్టరు ముందు నిలబడి ఫోటోలు దిగారు. "అచ్చం నిజంలాగే ఉంది" అని మెచ్చుకుని బస్సెక్కారు.

వేడుకకు గుర్తుగా పోస్టరు నకలు ప్రతి అంగడిలోనూ తగిలించాలని హుకుం వచ్చింది. మద్దిలేటి సెలూన్లో ఖాళీ ఉన్నది వెనకగోడ ఒక్కటే. కుర్చీలో కూచున్నవాడి వీపు వెనక, అద్దానికి ఎదురుగా. అక్కడ తగిలించాడు.

తర్వాతి వారం పై అధికారులు తనిఖీకి వస్తున్నారని పరాంకుశం గడ్డం గీయించుకోవడానికి వచ్చి కుర్చీలో కూచున్నాడు. మద్దిలేటి నురుగు పూశాడు. పరాంకుశం అలవాటుగా తల ఒక పక్కకు వాల్చి అద్దంలోకి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

అద్దంలో పోస్టరు కనపడుతోంది. కుడిపక్క జలపాతం. ఎడమపక్క గుడిసె. ఆడమనిషికి పైట ఎడమ భుజం మీద, కడవ ఎడమ చంకలో. కింద అక్షరాలు మాత్రం తిరగబడి వెనక్కి నడుస్తున్నాయి.

"సార్, మెడ కదిలించొద్దు. కత్తి ఉండాది" అన్నాడు మద్దిలేటి.

"మద్దిలేటీ... నువ్వు ఇది ఎప్పుడు చూశావు?"

"తగిలించిన పొద్దే చూసినా సార్. ఊరంతా వచ్చి చూసిపోయినారు. ఓబులేసన్న మాత్రం రాలా."

"మరి చెప్పలేదేం?"

"సభలో చెప్తిమి కదా సార్. జలపాతం జరిగిందంటివి."

రాతి మీద గీసి అచ్చువేసే రోజుల్లో బొమ్మను తిరగేసి గీయాలి, అప్పుడే కాగితం మీద సరిగా పడుతుంది. చిత్రకారుడు మరచిపోయి ఉన్నదున్నట్టు గీశాడు. అక్షరాలు వేరే అచ్చు కాబట్టి అవి సరిగా పడ్డాయి. ఇదంతా పరాంకుశానికి సగం గడ్డంతోనే అర్థమైంది. మిగతా సగం గీయించుకోకుండానే పరుగెత్తాడు.

*

ఆ రోజే అత్యవసర సమావేశం జరిగింది. పోస్టరు తప్పని ఒప్పుకోవచ్చు కదా అని ఒక గుమాస్తా అన్నాడు. ఆయన్ను బయటికి పంపేశారు. కళలో తప్పు ఉండదని పరాంకుశం అన్నాడు. ప్రకటన తప్పయితే ప్రకటించినవాణ్ణి శిక్షించాలని, ఇప్పుడు ప్రకటించింది తామే కాబట్టి ప్రకటన తప్పు కాదని హేమనళిని అంది. కొత్త తీర్మానం సిద్ధమైంది:

'పోస్టరు నిర్దుష్టమైనది. దానిని అద్దమునందు చూడవలెను.'

గేటు దగ్గర షెడ్డులో పోస్టరుకు ఎదురుగా నిలువెత్తు అద్దం పెట్టారు. ఇక ఊరిని అద్దానికి సరిపోయేలా మార్చాలి. ఇసుక మూటలు తీసేశారు. ఎడమ జలపాతం ఆపేశారు. ట్యాంకర్లు మాత్రం కొండెక్కడం మానలేదు, ఇప్పుడు కుడిపక్క కొత్తగా కట్టిన తొట్టికి. కుడి గుడిసె పీకేశారు. ఈరమ్మ పైట ఎడమ భుజానికి వచ్చింది. పరిశోధన చేసినాయనకు డాక్టరేటు అప్పటికే ఇచ్చేశారు కాబట్టి దాన్ని కదపలేదు. ఊరు ముందు ఎట్లా ఉండేదో దాదాపు అట్లాగే అయింది. దీనికి 'రెండో దశ అభివృద్ధి' అని పేరు పెట్టారు.

కొత్త లెక్క ప్రకారం గుడిసె ఎడమ కొసన ఉండాలి. అంటే ఓబులేసు ఇంటి ముందు సగం పడిపోయిన చోట.

హేమనళిని వంటింటి తలుపు తట్టింది. మొదటిసారి కొంచెం సిగ్గుపడుతున్నట్టు కనిపించింది.

"పెద్దాయనా, మీ నిర్మాణం పోస్టరానంతరం కాదని తేలింది. తిరిగి కట్టిస్తాం. అరుగుతో సహా. బొమ్మలో గుడిసె గోరంతే ఉంది, కొలతలు తెలియవు. పాత ఫోటో ఏదైనా ఉందా?"

ఓబులేసు తలుపు మూయబోయి ఆగాడు. లోపలికి పోయి గోడకు కొట్టిన మేకు నుంచి ఒక ఫోటో తీసుకొచ్చాడు. మేనల్లుడు ఎప్పుడో ఫోన్‌తో తీసి అచ్చు వేయించినది. సుంకమ్మ అరుగు మీద కూచుంది. ఒళ్ళో చాట. ఫోటో తీసేవాణ్ణి తిట్టబోతున్న మొహం. ఆమెది ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్కటే.

"అరుగుకు మాత్రమే" అన్నాడు.

"తప్పకుండా. ఫోటో ప్రకారం అచ్చం అలాగే."

మొదట అరుగు కట్టారు. ఓబులేసు పనివాళ్ళ పక్కన రోజంతా నిలబడ్డాడు. ఎత్తు తగ్గిందంటే పెంచారు. అంచు గుండ్రంగా ఉండాలంటే గుండ్రంగా చేశారు. పూర్తయిన సాయంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, "బాగానే కట్టినారు" అన్నాడు. సుంకమ్మ పోయాక ఆయన నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. మేస్త్రి ఆ మాట ఇంటికి పోయి భార్యకు చెప్పుకున్నాడు. మర్నాడు శుక్రవారం. ఓబులేసు చీకటితో లేచి, వంగలేక వంగి, అరుగు అలికాడు.

అలుకు ఆరకముందే ఈరమ్మ వచ్చింది. చేతిలో చాట, చాటలో చెనిక్కాయలు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"అన్నా, తిట్టొద్దు."

"ఏంది?"

"నన్ను కూచోమన్నారు."

"యాడ?"

ఈరమ్మ అరుగు వైపు చూసింది. "సుంకమ్మక్క మాదిరి."

వెనకనే హేమనళిని, పరాంకుశం వచ్చారు. హేమనళిని చేతిలో ఓబులేసు ఇచ్చిన ఫోటో, దానితోబాటు ఒక ఉత్తర్వు ఉంది: 'జలకలశధారిణి శ్రీమతి ఈరమ్మకు సుంకమ్మగా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది.'

"మీరే ఫోటో సమర్పించారు" అంది హేమనళిని. "ఫోటో ప్రకారం కట్టాం. ఫోటోలో ఆమె ఉన్నారు. అరుగు పెట్టి ఆమెను తీసేస్తే అది సగం నిజం. సగం నిజం మా విభాగంలో అబద్ధం కిందికి వస్తుంది."

"ఆమె సచ్చిపోయింది" అన్నాడు ఓబులేసు.

"తెలుసు. మా ప్రగాఢ సానుభూతి. కానీ ఫోటోలో చనిపోలేదు."

"మీకూ తోడుగా ఉంటుంది" అన్నాడు పరాంకుశం, తల వాల్చి. "ఆ కోపపు చూపు ఒక్కటే ఈమెకు ఇంకా పట్టుబడలేదు. దానికి శిక్షణ ఇప్పిస్తున్నాం."

"నాకొద్దంటే వినలేదన్నా" అంది ఈరమ్మ. "కూచోకపోతే కడవ ఉద్యోగం కూడా తీసేస్తామంటాండారు."

ఓబులేసు చెయ్యి చాపాడు. హేమనళిని ఆయన మొహం చూసి, ఫోటో ఇచ్చేసింది. ఆయన దాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు. వంటింట్లోకి పోయి గడ్డపార తెచ్చాడు.

"ఈరమ్మా, పక్కకు జరుగు. నీ తప్పేం లేదు."

ముసలి చేతులు. కానీ అలుకు పచ్చిగా ఉంది, సిమెంటు ఇంకా గట్టిపడలేదు. రాళ్ళు ఒక్కొక్కటిగా ఊడి పడ్డాయి. "ఇది వారసత్వ సంపద! ఇది నేరం!" అని హేమనళిని అరుస్తూనే ఉంది. పరాంకుశం మాత్రం తల నిటారుగా పెట్టి చూశాడు. ఆయన దేన్నైనా అట్లా చూడటం ఊరివాళ్ళు అదే మొదటిసారి చూశారు.

తర్వాత విచారణకు పట్నం నుంచి ఒక అధికారి వచ్చాడు. వంటింటి గడప ముందు కుర్చీ వేసుకున్నాడు.

"మీ ఇంటిని ప్రభుత్వం కూల్చినప్పుడు మీరు గొడవ చెయ్యలేదు. అరుగు తిరిగి కట్టించి ఇస్తే మీరే కూల్చారు. కారణం చెప్పండి. రాసుకుంటాను."

ఓబులేసు పొయ్యిలో కట్టె ముందుకు తోశాడు.

"రాసుకో. చెప్పనన్నాడని రాసుకో. ఈ పొద్దు చెప్పను, రేపు చెప్పను. ఊళ్ళోవాళ్ళు అడిగినా చెప్పను, యముడు అడిగినా చెప్పను. ఇంగ ఆ మాట నా గడపలో ఎవురూ ఎత్తేపని లేదు."

లేచి తలుపు మూశాడు.